పొద్దున లాంగ్ జంప్, మధ్యాహ్నం బేస్‌బాల్

(దక్షిణ కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక సాయంత్రం, గుంటూరు జిల్లాకు చెందిన ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. గ్రౌండులో అరిచి అరిచి అలవాటైన గొంతు నాది, మైకు లేకపోయినా నడుస్తుంది.

నేను మీలో చాలామందికి కొత్త. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరయ్యాను. పిల్లలు పీడీ సార్ అనేవాళ్ళు. నేను ఎక్కువగా నేర్పింది లాంగ్ జంప్. ఇప్పుడు అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవడు బేస్‌బాల్ ఆడతాడు, ట్రాక్ టీములో కూడా ఉన్నాడు. దాంతో సాయంత్రం పూట నాకు మళ్ళీ గ్రౌండు దొరికింది. అక్కడ కలిసే మన తల్లిదండ్రులు నన్ను ఒకటే అడుగుతారు. "మాస్టారూ, రెండూ కుదరట్లేదు, ఏది మానిపించమంటారు?" ఇందాక కాఫీ దగ్గర కూడా ఒకావిడ ఇదే అడిగారు. ఎక్కడున్నారు? ఆఁ, నమస్కారమమ్మా. మీరడిగినదానికే ఈ జవాబు. కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

జవాబుగా ఒక కుర్రాడి సంగతి చెబుతాను. ఎక్కడివాడో కాదు, ఇక్కడే పసడేనాలో పెరిగినవాడు. పేరు జాకీ రాబిన్సన్.

చూశారా, పిల్లలు అప్పుడే నవ్వుతున్నారు. తాతగారు మాకు తెలిసిందే చెబుతున్నారని. ఏం తెలుసో చెప్పండి? నలభై రెండో నంబరు. కరెక్ట్. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ టీము తరఫున దిగాడు. నల్లజాతివాళ్ళకు మేజర్ లీగుల, అంటే బేస్‌బాల్ పెద్ద లీగుల, తలుపు మూసేసిన కాలమది, ఆ తలుపు తెరిచింది అతనే. ఇప్పుడు ఏటా ఆ రోజున లీగులో ప్రతి ఆటగాడూ 42 నంబరు చొక్కా వేసుకుని ఆడతాడు. ఇదంతా మీకు స్కూల్లో చెబుతారు, బాగానే చెబుతారు. నేను చెప్పేది దానికి తొమ్మిదేళ్ళ ముందు సంగతి. 1938. అప్పటికి అతను పసడేనా జూనియర్ కాలేజీలో పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. పేపర్లవాళ్ళు తప్ప బయట పెద్దగా ఎవరికీ తెలియదు.

ఇక్కడి కాలేజీల్లో ఆటలకు సీజన్లుంటాయి, మీకు తెలిసిందే. ఆకులు రాలే కాలంలో ఫుట్‌బాల్. చలికాలంలో బాస్కెట్‌బాల్. ఒకడే కుర్రాడు ఈ రెండూ ఆడటంలో ఇబ్బందేం లేదు, ఒకటి అయ్యాక ఒకటి వస్తుంది. అసలు చిక్కంతా ఎండలు మొదలయ్యాక. బేస్‌బాల్ అప్పుడే, ట్రాక్ అప్పుడే. రెండు కోచ్‌లకీ వాడే కావాలి, అదే శనివారం కావాలి. మన కాలేజీల్లో మాత్రం లేదా ఈ గొడవ? వాలీబాల్ టోర్నమెంటూ, యూనివర్సిటీ అథ్లెటిక్ మీటూ ఒకే రోజు పడితే నేనూ, అవతలి కోచూ ఒక కుర్రాడి కోసం మాటా మాటా అనుకున్న రోజులున్నాయి. కాబట్టి బేస్‌బాల్లోనూ ట్రాక్‌లోనూ ఇద్దరికీ కావలసినవాడిగా ఉండటమంటే, రెండు ఆటలు రావడం ఒక్కటే చాలదు. ఒకే రోజును రెండుగా కోసుకోవాలి.

జాకీ ఒక రోజును నిజంగానే రెండుగా కోశాడు. ఆ రోజు దగ్గరికి వస్తాను. ముందు ఇంటి సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఆ రోజు అర్థం కాదు.

పుట్టింది జార్జియా రాష్ట్రంలో కైరో అనే ఊళ్ళో, 1919 జనవరి 31న. అయిదుగురు పిల్లల్లో చివరివాడు. వాళ్ళది దొర పొలంలో పాలికి సేద్యం చేసుకునే కుటుంబం. తండ్రి ఇల్లొదిలి వెళ్ళిపోయాడు. తల్లి పేరు మాలీ. ఆవిడ 1920లో అయిదుగురినీ వెంటబెట్టుకుని రైలెక్కి కాలిఫోర్నియా వచ్చేసింది. ఒడిలో పిల్లవాడు. ఇక్కడ నాలుగిళ్ళల్లో పనిచేసి, పెప్పర్ స్ట్రీట్‌లో ఇల్లు సంపాదించింది. ఆ వీధంతా తెల్లవాళ్ళు. వీళ్ళు మాకొద్దని ఇరుగుపొరుగు గోల. ఆవిడ కదల్లేదు. ఊళ్ళో బ్రూక్‌సైడ్ పార్కులో ఈతకొలను ఉండేది. తెల్లవాళ్ళు కానివాళ్ళకి అందులోకి వారంలో ఒక్క రోజే ప్రవేశం. ఇది జార్జియాలో కాదండీ, మనం ఇప్పుడు పులిహోర డబ్బాలు పట్టుకుని పిక్నిక్‌కి వెళ్ళే పసడేనాలో.

అన్నల్లో ఒకడు మ్యాక్. జాకీ కంటే అయిదేళ్ళు పెద్ద. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ అనగానే మనకు జెస్సీ ఓవెన్స్ గుర్తొస్తాడు. రెండువందల మీటర్లలో ఓవెన్స్ 20.7 సెకన్లు. సరే, రెండో స్థానం ఎవరిది? ఎవరైనా చెబుతారా? మ్యాక్ రాబిన్సన్‌ది. 21.1 సెకన్లు, వెండి పతకం. తేడా 0.4 సెకను. ట్రాక్ మీద కొలిస్తే నాలుగు మీటర్లు. ఆ నాలుగు మీటర్ల అవతల ఉన్నవాడి పేరు ప్రపంచమంతా చెప్పుకుంది. ఇవతల ఉన్నవాడు తర్వాత ఏం చేశాడో తెలుసా? ఊరికి తిరిగొచ్చాడు. ఉద్యోగం కావాలన్నాడు. పసడేనా నగరం అతని చేతికి చీపురిచ్చింది. వీధులు ఊడ్చే పని. ఒలింపిక్ టీముకిచ్చిన కోటు, వీపు మీద యూఎస్ఏ అని ఉండే ఆ కోటు వేసుకుని వీధులు ఊడ్చేవాడు. చలికి వేసుకున్నాడా, ఊరికి చూపించడానికి వేసుకున్నాడా? రెండూ అయ్యుంటాయని నా ఉద్దేశం. తర్వాత కోర్టు ఆ ఈతకొలను అందరికీ తెరవాలని తీర్పిస్తే, నగరం కసికొద్దీ నల్లజాతి ఉద్యోగులను తీసేసింది. మ్యాక్‌కి ఆ చీపురు కూడా లేకుండా పోయింది.

ఇలాంటి అన్న ఉన్న ఇంట్లో తమ్ముడు లాంగ్ జంప్ మొదలుపెట్టాడు. మ్యాక్ పరుగు ఒక్కటే కాదు, లాంగ్ జంప్ కూడా చేసేవాడు. పసడేనా కాలేజీలో రికార్డు అతనిదే. తమ్ముడు ఇసక పిట్ దగ్గర నిలబడితే ఎదురుగా ఉన్నది అన్న రికార్డు.

1938 మే 7

శనివారం. పొద్దున పొమోనా వైపు ట్రాక్ మీట్. అదే రోజు గ్లెండేల్లో బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్. మీరు ఇక్కడివాళ్ళు, మ్యాపు మీకు చెప్పక్కర్లేదు. పొమోనా పసడేనాకు తూర్పున, గ్లెండేల్ పడమర. మధ్యలో ముప్ఫై అయిదు, నలభై మైళ్ళు. ఇప్పుడైతే 210 ఫ్రీవే ఎక్కి 134 పట్టుకుంటారు. అప్పుడు ఫ్రీవే అనేదే లేదు. పసడేనా నుంచి లాస్ ఏంజెలెస్‌కి మొదటి పార్క్‌వే తెరిచింది 1940 చివర్లో. అంటే ఊళ్ళ మధ్య నుంచి, సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ పోవాలి.

జాకీ తరఫున ఏం ఏర్పాటు చేశారంటే, మిగతావాళ్ళకంటే ముందు ఇతన్ని దూకనివ్వమని అడిగారు. నిర్వాహకులు సరేనన్నారు. ఇది చిన్న విషయమని దాటెయ్యకండి. లాంగ్ జంపులో ఒకరి తర్వాత ఒకరు దూకుతారు, మధ్యలో విశ్రాంతి ఉంటుంది, అవతలివాడు ఎంత దూకాడో చూసి ఉడుకుతారు. ఇతనికి అవేవీ లేవు. ఒక్కడే రన్‌అప్ మొదట్లో నిలబడ్డాడు. గడియారం నడుస్తోంది, బయట కారు తయారుగా ఉంది.

దూకాడు. 25 అడుగుల 6½ అంగుళాలు. అన్న రికార్డు పోయింది.

మన లెక్కలో 7.78 మీటర్లు. ఈ అంకె ఎంత పెద్దదో నాలాంటి లాంగ్ జంప్ పిచ్చివాడికి తెలుస్తుంది, మీకు ఎలా చెప్పాలి? బెర్లిన్‌లో ఓవెన్స్ 8.06 దూకి బంగారం గెలిచాడు. జర్మనీ కుర్రాడు లుట్జ్ లాంగ్ 7.87తో వెండి. మూడో స్థానం జపాన్ వాడిది, 7.74. అర్థమైందా? రెండేళ్ళ క్రితం ఒలింపిక్ కంచుపతకం వచ్చిన దూరం కంటే నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ, ఒక జూనియర్ కాలేజీ కుర్రాడు, ఇంకో మ్యాచ్‌కి టైమైపోతోందన్న టెన్షన్లో దూకాడు. మన యోహానన్ టెహ్రాన్ ఆసియా క్రీడల్లో 8.07 దూకింది 1974లో. మేమంతా ఆ అంకెను దేవుడి పటంలా చూసేవాళ్ళం.

సరే, దూకాడు. తర్వాత? ఇసక దులుపుకుని కారెక్కాడు. ట్రాక్ బట్టలు విప్పి బేస్‌బాల్ బట్టలు తొడుక్కున్నది కార్లోనే. గ్లెండేల్ చేరేసరికి మ్యాచ్ మొదలైపోయింది, కొన్ని ఇన్నింగ్స్ అయిపోయాయి. వెళ్ళి ఫీల్డింగులో షార్ట్‌స్టాప్ అనే చోట నిలబడ్డాడు. పసడేనా గెలిచింది, ఛాంపియన్‌షిప్ వాళ్ళదే.

ఒక్క శనివారం గాలివాటంగా కలిసొచ్చిందని అనుకుంటారేమో. ఆ సీజన్ మొత్తం చూడండి. 24 మ్యాచుల్లో బ్యాటింగ్ సగటు .417, అంటే వందసార్లకు దాదాపు నలభై రెండు హిట్లు. స్టీల్ చేసిన బేసులు 25, స్టీల్ అంటే ఏంటో ఇప్పుడే చెబుతాను. దక్షిణ కాలిఫోర్నియా జూనియర్ కాలేజీల బేస్‌బాల్లో ఆ ఏడు మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అతనే. ఇంకో మాట కూడా చెప్పాలి. అదే ఏడాది జనవరిలో పోలీసులు ఒక స్నేహితుణ్ణి ఆపితే ఇతను అడ్డం వెళ్ళి వాదించాడు, అరెస్టు చేశారు. శిక్ష వేసి అమలు నిలిపి ఉంచారు. నోరు మూసుకుని ఉండే రకం కాడు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కాళ్ళ సంగతి

ఇప్పుడు బేస్‌బాల్ తెలియని పెద్దవాళ్ళ కోసం ఒక్క మాట. క్రికెట్‌లో బౌలర్ బంతి వెయ్యకముందే నాన్‌స్ట్రైకర్ క్రీజు దాటి వెళ్ళిపోతే ఏమవుతుంది? రనౌట్ చేస్తాడు. చేస్తే అది న్యాయమా అన్యాయమా అని వారం రోజులు టీవీలో చర్చ. బేస్‌బాల్లో ఈ గొడవ లేదు. ముందే బయల్దేరడం అక్కడ గొప్ప విద్య. ఫస్ట్ బేస్‌లో ఉన్నవాడు పిచర్ విసరబోయే క్షణం చూసి సెకండ్ బేస్‌కి పరుగు లంకించుకుంటాడు. దాన్నే స్టీల్ చెయ్యడమంటారు. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. రన్నర్ అప్పటికే కాస్త ముందుకు జరిగి ఉంటాడు. బంతి పిచర్ చేతి నుంచి క్యాచర్‌కి, క్యాచర్ నుంచి సెకండ్ బేస్‌కి రావాలి. మూడు సెకన్లు దాటి కొద్దిగా. వీడు ఆలోపు చేరాలి.

ఇక్కడ నేను కోచ్‌గా మాట్లాడతాను, పిల్లలూ వినండి. లాంగ్ జంప్ అంటే దూకడమని అందరూ అనుకుంటారు. మేం నేర్పేదాంట్లో ముప్పాతిక వంతు పరుగే. నలభై మీటర్ల రన్‌అప్. చివర్లో ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న బోర్డు. దాని మీద కాలు పడాలి, బొటనవేలు గీత దాటితే ఫౌల్. బోర్డు వైపు చూడకూడదు, చూస్తే తల వంగుతుంది, తల వంగితే వేగం పోతుంది. వేగం చంపకుండా, చూడకుండా, సరిగ్గా ఆ జానెడు చోటులో కాలు పడాలి. ఎలా పడుతుంది? అడుగుల లెక్క ఒంట్లో ఇంకిపోతేనే. చెక్‌మార్క్ పెట్టి, వందలసార్లు పరిగెత్తించి, చివరి రెండు అడుగుల్లో ఒంటిని కాస్త కిందికి దింపి పైకి లేపడం... ఇదంతా అయ్యాక వాడికి తన పరుగు మీద తనకు పట్టు వస్తుంది. ఎప్పుడు ఎంత వేగంలో ఉన్నాడో వాడికి చెప్పక్కర్లేదు.

జాకీ బేసుల మధ్య చేసింది అదే. వందమీటర్ల పరుగులో అతనికంటే వేగంగా వెళ్ళేవాళ్ళు ఉన్నారు, ఇంట్లోనే ఒకడున్నాడు. పైగా పాదాలు కాస్త లోపలికి తిరిగినట్టు పరిగెత్తేవాడు, చూడ్డానికి అందమైన పరుగు కాదు. నా దగ్గరికి వస్తే మొదటి రోజే ఆ పాదాలు సరిచెయ్యమనేవాణ్ణేమో! అతని బలం అంతా మొదటి మూడు అడుగుల్లో పుట్టే వేగంలో, పూర్తి వేగంలో ఉండి ఠక్కున ఆగడంలో, మళ్ళీ అంతే వేగంగా బయల్దేరడంలో ఉంది. రెండు బేసుల మధ్య ఇరికించి, ఇటొకడు అటొకడు బంతి పట్టుకుని మీదికొస్తే మామూలు రన్నర్ అవుట్. ఇతను వాళ్ళని అటూ ఇటూ తిప్పి తప్పించుకునేవాడు. బేస్‌బాల్ కోచ్ ఎంత చెప్పినా వచ్చే విద్య కాదిది, ఇసక పిట్ దగ్గర వచ్చింది అంటాను నేను. నా సబ్జెక్టు కాబట్టి నేను ఇటు మొగ్గుతానని మీరనొచ్చు. అనండి.

పసడేనా తర్వాత యూసీఎల్ఏ, లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ. ఇంకా దూరం పిలిచినవాళ్ళున్నా, ఇంకో అన్న ఫ్రాంక్ మ్యాచులు చూడటానికి వస్తాడని దగ్గర్లోనే ఉండాలనుకున్నాడు. ఆ ఫ్రాంక్ 1939 మేలో మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. జాకీ అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే.

యూసీఎల్ఏలో నాలుగు ఆటలకూ లెటర్, అంటే టీములో ఆడినవాళ్ళకి కాలేజీ ఇచ్చే గుర్తింపు, సంపాదించాడు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, ట్రాక్. ఆ యూనివర్సిటీలో అంతకుముందు ఎవరూ సంపాదించలేదు. 1940లో జాతీయ కాలేజీ పోటీల్లో లాంగ్ జంప్ ఛాంపియన్, 24 అడుగుల 10¼ అంగుళాలు. ఇక అదే వసంతంలో బేస్‌బాల్ ఎలా ఆడాడు? మొదటి మ్యాచ్‌లో నాలుగుసార్లు బ్యాటింగుకి వచ్చి నాలుగు హిట్లు, రెండుసార్లు హోమ్ స్టీల్ చేశాడు, అంటే థర్డ్ బేస్ నుంచి, పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్‌కి స్టీల్ చేశాడు. ఆహా అన్నారు. సీజన్ అయ్యేసరికి సగటు ఎంతో తెలుసా? .097. బాబూ, నువ్వు బేస్‌బాల్ ఆడతావు కదా, .097 అంటే ఏంటి? బెంచ్ మీద కూర్చోబెడతారు అంటున్నాడు. కరెక్టే. వందసార్లకు పది హిట్లు కూడా లేవన్నమాట.

ఇప్పుడు చెప్పండి. ఆ జూన్‌లో జాకీ వాళ్ళమ్మ మన దగ్గరికి వచ్చి, ఏది మానిపించమంటారు మాస్టారూ అని అడిగితే ఏం చెబుతాం? లాంగ్ జంప్‌లో దేశంలోని కాలేజీ కుర్రాళ్ళలో మొదటివాడు. బేస్‌బాల్లో .097. ఇందులో ఆలోచించడానికేముందమ్మా, బ్యాటు అటకెక్కించండి అంటాం. నేనూ అదే అందును. నేనూ, మీరూ, ఈ హాల్లో అందరమూ కలిసి జాకీ రాబిన్సన్ చేత బేస్‌బాల్ మానిపించేసేవాళ్ళం.

లాంగ్ జంప్‌లో ముందు దారి ఏముంది మరి? 1940 ఒలింపిక్స్. అవి యుద్ధంతో రద్దయిపోయాయి. జరిగి, పతకం వచ్చిందే అనుకోండి. తర్వాత ఏముంటుందో వెండిపతకం తెచ్చిన అన్న చీపురు పట్టుకుని చూపించాడు. బేస్‌బాల్లో అయితే తలుపే మూసి ఉంది, ఎంత ఆడినా లోపలికి రానివ్వరు. ట్రాక్‌లో దారి చివర గోడ, బేస్‌బాల్లో దారి మొదట్లోనే గోడ. అలాంటివాడు ఏది ఎంచుకోవాలి? ఏ లెక్కన ఎంచుకోవాలి? అందుకే ఒకటి ఉంచుకుని ఒకటి వదిలెయ్యకపోవడం అతని విషయంలో తెలివితక్కువ కాదంటాను.

మధ్యలో మనవాడొకడు గుర్తొచ్చాడు, చెప్పి ముందుకెళ్తాను. కోటా రామస్వామి. మద్రాసు తెలుగువాళ్ళు, క్రికెట్ బుచ్చిబాబు నాయుడిగారి అబ్బాయి. 1922లో మన దేశం తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళకి, 1936లో, ఇంగ్లండులో టెస్టు క్రికెట్ ఆడాడు. మొదటి టెస్టప్పుడు వయసు నలభై! రెండు టెస్టులాడి సగటు 56.66. అదే వేసవిలో మ్యాక్ బెర్లిన్‌లో పరిగెత్తాడు. రెండు ఆటలు పెట్టుకుంటే ఏదీ రాదు అనే మాట మన ఇళ్ళల్లో తరచూ వినపడుతుంది కాబట్టి ఆయన్ని తలుచుకున్నాను.

సరే, జాకీ. 1941లో డిగ్రీ పూర్తి కాకుండానే కాలేజీ వదిలాడు. సైన్యంలో చేరి లెఫ్టినెంట్ అయ్యాడు. 1944లో టెక్సస్‌లో బస్సులో వెనక్కెళ్ళి కూర్చోమంటే కూర్చోలేదు, కోర్టు మార్షల్ పెట్టారు, నిర్దోషిగా బయటపడ్డాడు. మళ్ళీ అదే కనపడుతోంది చూడండి, నోరు మూసుకునే రకం కాడు. 1945లో నల్లజాతివాళ్ళ లీగులో ఆడే కాన్సాస్ సిటీ మోనార్క్స్ టీములో ఉండగా బ్రూక్లిన్ నుంచి, డాడ్జర్స్‌ని నడిపే బ్రాంచ్ రికీ పిలిపించాడు. ఆగస్టు 28న ఆయన ఆఫీసులో గంటల తరబడి మాట్లాడాడు. రికీ తిట్లు తిట్టి చూపించాడు, ఇలా అంటారు, ఇలా కొడతారు, నువ్వేం చేస్తావని అడిగాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. తిరిగి కొట్టకూడదు, తిరిగి తిట్టకూడదు. జాకీ ఒప్పుకున్నాడు.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాటకొచ్చాను. నోరెత్తకూడదు, చెయ్యెత్తకూడదు. సహజంగా కోపిష్టి. పిచర్లు తలకు గురిపెట్టి వేస్తున్నారు, అవతలి టీము బెంచ్ మీద నుంచి నోటికొచ్చినట్టు అంటున్నారు. అతని దగ్గర ఏం మిగిలింది? కాళ్ళు మిగిలాయి. పరిగెత్తడాన్ని ఎవరూ తప్పనలేరు. అది రూల్సులోనే ఉంది. బేస్ మీద నిలబడి రెండడుగులు ముందుకేసి, వెనక్కి తగ్గి, మళ్ళీ ముందుకు ఉరికినట్టు చేసి పిచర్ ప్రాణాలు తోడేస్తుంటే, ఎవరేమంటారు?

1946 ఏప్రిల్ 18న డాడ్జర్స్‌కి కింది టీమైన మాంట్రియల్ రాయల్స్ తరఫున జెర్సీ సిటీలో మొదటి మ్యాచ్. అయిదుసార్లకు నాలుగు హిట్లు, అందులో ఒకటి మూడు పరుగుల హోమ్ రన్. రెండు స్టీళ్ళు. నాకు నచ్చింది ఇవేవీ కాదు. థర్డ్ బేస్ మీద నిలబడి హోమ్‌కి ఉరుకుతున్నట్టు బెదిరిస్తే, పిచర్ చెయ్యి ఎత్తి విసరకుండా తడబడ్డాడు. విసరబోయి ఆగితే బాక్ అంటారు, రన్నర్ తీరిగ్గా ఒక బేసు ముందుకు నడిచి రావచ్చు. ఆ రోజు ఇలాగే రెండు పరుగులు వచ్చాయి. బంతి తగలకుండా, ఎవరూ కొట్టకుండా, ఊరికే కాళ్ళాడించి రెండు పరుగులు! ఎక్కడుందండీ ఇలాంటి ఆట?

మరుసటేడు డాడ్జర్స్. 29 స్టీళ్ళు, డాడ్జర్స్ ఆడే నేషనల్ లీగులో ఆ ఏడు అంతకంటే ఎక్కువ ఎవరికీ లేవు. 1949లో సగటు .342, స్టీళ్ళు 37, రెండింట్లోనూ లీగులో మొదటివాడు, ఆ ఏడు మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్. .097 కొట్టిన కుర్రాడే ఇతను.

అమ్మా, మీ ప్రశ్నకు వస్తున్నాను, మర్చిపోలేదు. హైస్కూల్లో ఉన్న పిల్లకి గానీ పిల్లవాడికి గానీ రెండూ ఉండనివ్వండి. వాళ్ళంతట వాళ్ళు ఒకటి వదిలితే వేరే సంగతి. కాకపోతే రెండు జాగ్రత్తలు. పిచింగ్ చేసే పిల్లవాడైతే, జంపులున్న రోజున పిచింగ్ పెట్టుకోవద్దని బేస్‌బాల్ కోచ్‌కి ముందే చెప్పండి. పిక్కలు, భుజం రెండూ ఒకే రోజు అలిసిపోతే దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలియదు. రెండోది, ఒకే రోజు రెండూ పడితే మీలో మీరే మథనపడి ఒకటి మానిపించకండి. మీట్ నడిపేవాళ్ళని అడగండి, ముందు దూకనిస్తారా అని. 1938లో నల్లజాతి కుర్రాడి కోసం అడిగితే సరేనన్నారు. మనవాళ్ళకి అడగడం మొహమాటం, అదొక్కటే వచ్చిన చిక్కు. ఇక సీజన్ మధ్యలో సగటు పడిపోయిందని ఆట మార్చెయ్యడం... ఆ .097 గురించి చెప్పాను కదా, మళ్ళీ చెప్పను.

ఎవరో చెయ్యెత్తారు. ఏంటి బాబూ? హోమ్ స్టీల్ చెయ్యడం గురించి చెప్పమంటున్నాడు. భోజనాలకు పిలుస్తున్నారు, ఇదొక్కటీ చెప్పి దిగిపోతాను.

థర్డ్ బేస్ నుంచి హోమ్ ప్లేట్‌కి పరిగెత్తాలి. మిగతా స్టీళ్ళలో బంతి రెండు చేతులు మారాలి, ఇక్కడ పిచర్ నుంచి నేరుగా క్యాచర్ చేతిలోకే వస్తుంది. బంతి మీదికే పరిగెత్తుతున్నట్టు. మామూలుగా ఎవరూ సాహసించరు. జాకీ లీగు మ్యాచుల్లో 19 సార్లు చేశాడు. అన్నిట్లోకీ పేరొచ్చినది వాటిల్లో లేదు. అది 1955లో, ఏడాది ఆఖర్న ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో, సెప్టెంబరు 28న. న్యూయార్క్ యాంకీల మీద ఎనిమిదో ఇన్నింగ్స్. డాడ్జర్స్ వెనకబడి ఉన్నారు. జాకీకి అప్పటికి ముప్ఫై ఆరేళ్ళు, జుట్టు నెరిసింది, ఒళ్ళు బరువెక్కింది. పిచర్ వైటీ ఫోర్డ్ ఎడమచేతివాటం. ఎడమచేతి పిచర్ విసరడానికి నిలబడితే వీపు థర్డ్ బేస్ వైపు ఉంటుంది. జాకీకి అది చాలు. బయల్దేరాడు. క్యాచర్ యోగీ బెర్రా బంతి పట్టి కిందికి దించాడు. ఇతను కాళ్ళు ముందుకు చాపి జారాడు. అంపైర్ సేఫ్ అన్నాడు. బెర్రా ఎగిరిపడ్డాడు, అంపైర్ చుట్టూ తిరుగుతూ అరిచాడు. బెర్రా బతికినంతకాలం అవుటనే అన్నాడు. ఆ మ్యాచ్ డాడ్జర్స్ ఒక్క పరుగు తేడాతో ఓడిపోయారు, సిరీస్ మాత్రం గెలిచారు.

ఆ వీడియో దొరుకుతుంది. నేను మా మనవడితో కూర్చుని ఆపి ఆపి చూశాను. పాదం ముందు చేరిందని నా అభిప్రాయం. జారేటప్పుడు మడమ ఎక్కడ పడిందో చూడ్డం నాకు అలవాటు. మనవడు మాత్రం అవుటే తాతయ్యా అంటాడు, వాడు క్యాచర్. మీరు ఇంటికెళ్ళి చూసి చెప్పండి. ఉంటానండీ, నమస్కారం.